తరవాణి అని చెప్పిన బకెట్టు

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన అంటాడు. నాకు జీతమిచ్చేది దానికే. దోహా ఊరి బయట ఒక పాల ఫ్యాక్టరీలో, నాణ్యత చూసే ల్యాబులో పనిచేస్తాను. ట్యాంకరు వచ్చి ఆగగానే గ్లాసుడు పాలు తీసి వాసన చూస్తాను, నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తాను, మంచివని తేలేదాకా చెడినవనే అనుకుంటాను. మనుషుల్ని కూడా అట్లాగే చూస్తావని ఆయన దెప్పుతాడు. చూస్తాను. చూడకుండా నమ్మి మునిగినవాళ్ళు ఈ దేశంలో ప్రతి క్యాంపులోనూ ఉన్నారు.

ఈ బుద్ధి మా అమ్మమ్మ ఇచ్చింది. మా జగిత్యాల వైపు పల్లెల్లో ఆడవాళ్ళు కల్లు తాగడం వింతేమీ కాదు. సాయంత్రం దుకాణం నుంచి కల్లు సీసా వస్తే అమ్మమ్మ ముందు అరచేతిలో కాస్త పోసుకుని నాకి, కళ్ళు మూసుకుని కూర్చునేది. నాలుక మొద్దుబారితే మత్తుమందు కలిపారని అర్థం. సీసా వెనక్కి వెళ్ళేది, తెచ్చినవాడికి తిట్లు దక్కేవి. చెట్టు నుంచి దించిన కల్లు నురగ ఎట్లా ఉంటుంది, పొద్దుటిది సాయంత్రానికి ఎంత పులుస్తుంది, ఈతకీ తాటికీ తేడా ఏమిటి, అన్నీ ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది, “దుబాయ్‌ల కల్లు దొర్కదా బిడ్డా?” అని. నేనుండేది దుబాయ్ కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ఉన్నట్టుండి గురువారం సాయంత్రాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అడిగితే మీటింగ్ అన్నాడు. తెల్లారితే శుక్రవారం సెలవు పెట్టుకుని గురువారం సాయంత్రం మీటింగ్ పెట్టే కంపెనీని నేనింతవరకూ చూడలేదు. ఒకసారి ఆయన చొక్కా ఉతకడానికి తీసుకుని ముక్కుకు ఆనించుకున్నాను. నారింజ తొక్క వాసన వచ్చింది. ధనియాల వాసన వచ్చింది. ఎవరో వంట చేస్తుంటే ఆ వంటింట్లో కూర్చుని వచ్చినట్టుంది.

“ఎవలింట్ల కూసోని వస్తున్నవ్?” అన్నాను.

“ఎవలింట్లనో ఏందే?”

“ధనియాలు దంచేటామె ఎవలు?”

ఆయన మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాడు. “వచ్చే గురువారం నడువ్, సూపిస్త ఆమెను,” అన్నాడు. నాకు మాత్రం ఆ వారమంతా నవ్వు రాలేదు.

తీసుకెళ్ళింది సముద్రం పక్కనున్న ఒక పెద్ద హోటలుకి. బారు గుమ్మం దగ్గర గార్డు మా ఐడీ కార్డులు తీసుకుని మిషన్ మీద పెట్టాడు. నా కార్డు ఎక్కడికి పోతుందో, అది ఏ తెరమీద ఎవరికి కనిపిస్తుందో అని లోపల కూర్చున్నాక కూడా గుమ్మం వైపే చూస్తున్నాను. సంగతేమిటంటే, ఆయన సైటులో ఒక బెల్జియం ఇంజనీరున్నాడు. వాళ్ళ దేశపు బీరు రుచి చూడటం ఒక విద్య అని చెప్పి ఆయనకు ఈ పిచ్చి అంటించాడు. ఇంట్లో చెబితే నమ్మనని మీటింగ్ అని చెప్పాడట. అంతవరకూ ఆయన అంచనా సరైనదే.

మొదటి గ్లాసులోది మబ్బుగా, మజ్జిగ తేటలా ఉంది. ల్యాబులో అట్లాంటిది కనిపిస్తే పారబోయిస్తాను. గోధుమ బీరట. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చొక్కా వాసనే. నారింజ తొక్క, ధనియాలు. నా సవతి గ్లాసులో కూర్చుని ఉంది. ఆయనేమో అలవాటు కొద్దీ గ్లాసులో వేలు ముంచి నేల మీద రెండు చుక్కలు చిలకరించాడు. మా వైపు తాగే ముందు అమ్మవారికి సాక పోయందే గ్లాసు ఎత్తరు. గ్లాసు కారుతోందనుకుని నేపాలీ వెయిటరు గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

తర్వాతిది మఠంలో సన్యాసులు కాచిన బీరన్నారు.

“సన్యాసులకు బీరేంది?” అన్నాను.

“అమ్ముకొని మఠం నడుపుకుంటరట.”

నమ్మలేదు. కానీ ముదురు రంగులో ఉన్న ఆ బీరు నాలుక మీద పెట్టుకుంటే మొదట బెల్లం తగిలింది, తర్వాత ఎండు ఖర్జూరం, మింగాక ఎక్కడో లవంగం. అమ్మమ్మలా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నాలుక మొద్దుబారలేదు. ఆ తర్వాత క్రాఫ్ట్ బీరని ఇంకొకటి ఇచ్చారు, పెద్ద కంపెనీలతో పని లేకుండా చిన్నవాళ్ళు తమకు నచ్చినట్టు కాచుకునేదట. అచ్చం కాకరకాయ రసం. అయినా మళ్ళీ ఒక గుక్క వేయాలనిపించింది. చేదు మీద మనసు పోతే దాని వెనక ఏదో ఉందని నా అనుమానం.

ఆఖరుది పుల్లటి బీరు. మూత లేని తొట్టెలో పోసి, గాలిలో తిరిగేదేదో వచ్చి పడి పులియబెట్టేదాకా వదిలేస్తారట. ఒక్క గుక్క వేశాను. పొద్దు తిరిగాక ఈతకల్లు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. అమ్మమ్మ పోయినప్పుడు నేను ఊరికి వెళ్ళలేకపోయాను. అప్పుడు రాని ఏడుపు ఆ బారులో, ఆ మనుషుల మధ్య వచ్చింది. మా ఆయన కంగారుపడి, “పులుపెక్కువైందా?” అన్నాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం నేనూ వెళ్ళాను. ఆయనకంటే నా నాలుకే ముందు పట్టేసేది. పట్టేకొద్దీ అనుమానం పెరిగింది. గోధుమలు, తొక్కలు, ధనియాలు వేస్తే ఆ రుచి వచ్చేస్తుందంటే ఎట్లా నమ్మడం? ధనియాలు నేను రోజూ వేస్తాను, చారు చారులాగే ఉంటుంది. సీసా మీద రాయనిదేదో అందులో కలుపుతున్నారు. నేనే కాచి చూస్తే తప్ప తేలదు.

“పిచ్చి లేసిందా?” అన్నాడు మా ఆయన. ఆయన భయం సరైన భయమే. ఈ దేశంలో తాగాలంటే లైసెన్సున్న హోటళ్ళున్నాయి, పర్మిట్ ఉన్నవాళ్ళకు కొనుక్కునే చోటుంది. ఇంట్లో కాయడం నేరం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఫ్లైటు. ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం, ఇద్దరి వీసాలూ ఒక్క బకెట్టుతో ఖలాస్. అన్నీ తెలుసు. తెలిసే చేశాను. నేనొకటి తేల్చుకోవాలనుకుంటే తేలేదాకా నాకు అన్నం సహించదు.

కిరాణా కొట్టులో దొరికే, జావ కాచుకునే బార్లీ తెచ్చి నానబెట్టి మూట కట్టాను. రాగి మాల్టుకి మా అమ్మ రాగుల్ని మొలకెత్తించేది అట్లాగే. మూట విప్పితే ఒక్క గింజా మొలవలేదు, కంపు మాత్రం కొట్టింది. పాత సరుకు అంటగట్టాడని కొట్టువాడిని మనసులోనే నాలుగు తిట్టాను. వాడి తప్పేం లేదు, పొట్టు తీసేసిన గింజ మొలవదు. పొట్టున్న బార్లీ ఇక్కడ గొర్రెలకు వేస్తారు. ఊరి చివర ముఐథర్‌లో దాణా దుకాణం పట్టుకుని ఆటో... కాదు, ఇక్కడ ఆటోలెక్కడివి, ట్యాక్సీలో వెళ్ళాను.

దుకాణంలో ఉన్న పఠాన్ ముసలాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “కిత్నీ బక్రీ హై?” అన్నాడు.

“దో,” అన్నాను.

“కహాఁ రఖ్తీ హో?”

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఫ్లోరుకు రెండు వాటాలున్న విల్లాలో మేకల్ని ఎక్కడ పెంచుతున్నానని చెప్పను? “గావ్ మే,” అన్నాను. ఊర్లో ఉన్న మేకలకు ఖతర్‌లో దాణా కొంటున్న ఆడమనిషిని ఆయన ఇంకా గుర్తుంచుకుని ఉంటాడు.

ఆ గింజలు మొలిచాయి. డాబా మీద ఎండబెట్టి, పావురాల్ని తోలుతూ కూర్చుని, మిక్సీలో బరకగా పట్టాను. వేలు పెడితే చురుక్కుమనే నీళ్ళలో నానబెట్టి వడగడితే చెరుకు రసమంత తియ్యటి నీళ్ళు దిగాయి. నాలో అనుమానం మొదటిసారి కాస్త తగ్గింది. చేదు కోసం వాళ్ళు వేసే పువ్వు ఇక్కడ దొరకదు. ఉగాది పచ్చడికని మా అమ్మ పంపిన ఎండు వేపపువ్వు డబ్బాలో ఉంది, అదే వేశాను. బ్రెడ్డుకి వాడే ఈస్టు సూపర్ మార్కెట్లో కొంటుంటే బిల్లు కొట్టే పిల్ల నా మొహంలోకి చూసినట్టనిపించి, ఆ రోజు మైదాపిండి కూడా కొన్నాను.

మొదటిసారి కాచింది బ్రెడ్డు ముక్కలు నానిన నీళ్ళలా వచ్చింది. రెండోసారి వేపపువ్వు ఎక్కువై జ్వరం కషాయమైంది. మా ఆయన ఒక గుక్క తాగి, “ఇదే అని తెలిస్తే పోలీసులు గూడ పట్టుకోరు, పాపమని ఇడుస్తరు,” అన్నాడు. డిసెంబరు చలి దిగాక గోధుమలు కలిపి, నారింజ తొక్క ఎండబెట్టి, ధనియాలు దోరగా నలిపి మూడోసారి కాచాను. ఈసారి కాస్తున్నప్పుడే తెలిసింది, దారిలో పడ్డానని.

ఇంట్లో హీటరు వేస్తే వేడెక్కువ, తీస్తే చలెక్కువ. అందుకని బకెట్టుని వెనక వాష్ ఏరియాలో, వాషింగ్ మెషిన్ పక్కన పెట్టి తెల్లగుడ్డ కట్టాను. అది మాకూ పక్కవాటా వాళ్ళకూ ఉమ్మడి. నా అనుమానమంతా అక్కడే మొదలైంది.

పక్కవాటాలో గోదావరి వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. అతను ఒక కంపెనీలో మందూబ్, అంటే కంపెనీ కాగితాలు పట్టుకుని రోజంతా సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. పోలీసు స్టేషన్ నుంచి ఇమిగ్రేషన్ దాకా అందరూ తెలిసినవాళ్ళే. సాయంత్రాలు మెట్ల మీద నిలబడి ఫోన్లో అరబ్బీలో మాట్లాడేవాడు. నేను కనిపిస్తే గొంతు తగ్గించేవాడు. ఆమె నాకంటే బాగా చిన్నది, కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు పోయిందట. ఈసారి డాక్టరు మంచం దిగొద్దన్నాడని ఆమే చెప్పింది. మాకు పిల్లలు లేరు. ఆసుపత్రులు తిరిగి తిరిగి ఒకరోజు తిరగడం మానేశాం. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం.

బకెట్టు పెట్టిన మర్నాడే ఆమె గోడ పట్టుకుని వాష్ ఏరియాలోకి వచ్చింది. “వదినగారూ, ఏంటండీ ఆ పులుపు వాసన? మా వంటింటి దాకా వచ్చేస్తంది.”

ఇట్లాంటి ప్రశ్న వస్తుందని తెలిసి జవాబు ముందే తయారుచేసుకున్నాను. దోసెల పిండి అంటే మూడో రోజుకు దొరికిపోతాను. అంబలి అంటే రంగు కలవదు. కాలేజీ హాస్టల్లో ఒక కాకినాడ పిల్ల తరవాణి గురించి చెబుతుండేది, వేసవిలో అన్నం గంజీ కడుగు నీళ్ళూ కుండలో పులియబెట్టుకుని తాగుతారని. పక్కవాటా ఆమెదీ ఆ వైపే, తెలిసిన వంట. ఇంకేమీ అడగదనుకున్నాను.

“తరవాణి పెట్టిన చెల్లె,” అన్నాను.

ఆమె మొహం మారిపోయింది. “తరవాణా! మీరా అండీ? మా అమ్మమ్మ పోసేదండి. ఏ రోజుకారోజు కడుగు నీళ్ళు పోస్తున్నారా? ఉప్పు వేశారా? డిసెంబర్లో తరవాణి పెట్టడమేంటండీ?”

ఒక్క అబద్ధానికి మూడు ప్రశ్నలు. పాల ట్యాంకరు డ్రైవర్లను నేనడిగినట్టే అడుగుతోంది. రోజూ వచ్చేది. గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసేది. ఒకరోజు పొద్దున్నే నేను బకెట్టుకి చెవి ఆనించి లోపల బుడగలు తేలుతున్నాయో లేదో వింటుంటే, వెనక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మెట్ల మీద ఆమె భర్త ఫోన్లో మాట్లాడుతూ నన్ను చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

“పారబొయ్యే,” అన్నాడు మా ఆయన. “వాడు మందూబ్. ఒక్క ఫోను చాలు.”

“ఇంక రెండు మూడు రోజులైతే అయిపోతది.”

“అయిపోయేది మనమే.”

ఆ మర్నాడు ఆమె నా గుమ్మంలోకి వచ్చి, ఏం తిన్నా లోపల ఇమడటం లేదని, నోరు చచ్చిపోయిందని చెప్పి, “ఒక్క గ్లాసు తరవాణి ఇవ్వండి వదినగారూ,” అంది. ఇంకా పులవలేదన్నాను. పర్లేదంది. కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది కాదన్నాను. మా వైపు కడుపుతో ఉన్నప్పుడే ఇస్తారంది. పెరుగు ఇస్తానన్నాను. ఆమె నా కళ్ళలోకి చూసి, అవసరం లేదని వెళ్ళిపోయింది. పారబోయాల్సింది ఆ రోజే. డ్యూటీ నుంచి వచ్చాక పారబోద్దాంలే అనుకుని మర్నాడు ల్యాబుకి వెళ్ళాను.

ల్యాబులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, లాకర్లో పెట్టాలి. మధ్యాహ్నం తిండికి బయటికొచ్చి చూస్తే ఆమె నుంచి మెసేజ్ ఉంది: ‘మీ బకెట్లోంచి ఒక గ్లాసు తీసుకున్నానండి. తాగుతున్నాను.’ పంపి చాలాసేపైంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. రెండుసార్లు పోయిన కడుపు, మంచం దిగకూడని మనిషి, నా బీరు. సూపర్‌వైజరుకు ఏం చెప్పానో గుర్తులేదు. ట్యాక్సీలో ఆ డ్రైవరుని “యల్లా, యల్లా” అని తొందరపెడుతూనే ఉన్నాను. దేవుడు లేడని వాదించే నేను దారి పొడుగునా మొక్కుతూనే ఉన్నాను.

వాళ్ళ తలుపు తీసే ఉంది. బల్ల మీద స్టీలు గ్లాసు, బల్లకు అటువైపు ఆమె. ఆయాసపడుతూ ముందు గ్లాసులోకి చూశాను. నిండుగా ఉందనిపించింది. కానీ ఎన్ని గ్లాసులు ముంచిందో నాకేం తెలుసు?

“తాగినవా?”

ఆమె నా మొహంలోకి చూసింది.

“చెల్లె, తాగినవా చెప్పు!”

“తాగితే ఏమవుద్దండీ?” అంది ఆమె. “తరవాణేగా?”

ఆమె మొగుడి ఫోను, ఫ్లైటు, మా ఇద్దరి వీసాలు, అన్నీ ఒక్క క్షణం కళ్ళ ముందుకొచ్చాయి. “తరవాణి గాదు. బీరు. నేనే కాచిన. నీ కాల్మొక్త, తాగినవా లేదా చెప్పు.”

“బీరా?” అంది. భయపడలేదు, ఆశ్చర్యపడలేదు. మొహం ఇంకా బిగుసుకుంది. “ఇంకో అబద్ధం. ఆడవాళ్ళు ఇంట్లో బీరు కాస్తారా అండీ? అందులో వేపపువ్వెందుకుంది? తెల్లగుడ్డ ఎందుకు కట్టారు? పొద్దున్నే లేచి దానికి చెవి పెట్టి ఏం మాట్లాడుతున్నారు? నేను చూశానండి. నాకు రెండుసార్లు పోయింది. మీకేమో పిల్లల్లేరు. నేనడిగితే ఒక్క గ్లాసు ఇవ్వలేకపోయారు. తాగుతున్నానని మెసేజ్ పెడితే పరిగెత్తుకొచ్చారు. ఏం పెట్టారండీ అందులో? ఏం చేశారు మాకు?”

అప్పుడు అర్థమైంది. ఆమె నోరు చచ్చి తరవాణి అడగలేదు. ఆమె చుక్క కూడా తాగలేదు. నేను ఆమె మొగుడి ఫోన్లకు భయపడుతున్నన్నాళ్ళూ ఆమె నా బకెట్టుకు భయపడింది. నేను చేతబడి చేస్తున్నానని, పుట్టబోయే బిడ్డ మీద కన్నేశానని అనుకుని, నన్ను పరీక్ష పెట్టింది.

కోపం వచ్చింది. పిల్లల్లేరన్న మాటకు చెంప మీద కొట్టినట్టయింది. అక్కడినుంచి వెళ్ళిపోయేదాన్నే. కానీ ఆమె రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకుని, నన్ను చూసి కుర్చీలో వెనక్కి జరిగింది. నన్ను చూసి ఒక మనిషి అట్లా జరగడం నేనెప్పుడూ చూడలేదు. బల్ల మీది గ్లాసు తీసుకుని ఎత్తి తాగాను.

ఇంకా సీసాల్లో పట్టలేదు, నురగ లేదు. కానీ వచ్చింది. నారింజ తొక్క ముందు తగిలింది, దాని వెనక ధనియాలు, మింగాక వేపపువ్వు సన్నగా చేదు చూపించి వెళ్ళింది. వాళ్ళు అందులో ఇంకేమీ కలపడం లేదు. నెలల తరబడి నేను వెతికిన రుచి నా నోట్లో ఉంది, నేను కళ్ళైనా మూసుకోలేదు. ఎందుకంటే ఆమె రెప్ప వేయకుండా నా మొహాన్నే చూస్తోంది.

“అన్నయ్యగారిని కూడా తాగమనండి,” అంది.

ఫోన్ చేస్తే మా ఆయన సైటు బట్టల్లోనే వచ్చాడు. గదిలో పరిస్థితి చూసి పాలిపోయాడు. “చెప్పేసినవా?” అన్నాడు. “ముందుగాల తాగు,” అని బకెట్టులోంచి గ్లాసు నింపి తెచ్చి ఇచ్చాను. ఆయన చెయ్యి దానంతటదే గ్లాసులో వేలు ముంచింది. ఆ చుక్కలు ఆమె గదిలో పడితే ఇక ఏం చెప్పినా నమ్మదని గభాలున ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయనకు అర్థం కాలేదు, అయినా తాగాడు. తాగి, నా వైపు తిరిగి, “అరే, కుదిరిందే!” అన్నాడు.

ఆ మాటకు ఆమె ఏడ్చింది. చేతబడి చేసినవాడు అట్లా అనడని తోచిందేమో.

బకెట్టు ఆమె ముందే తూములో పారబోశాను. బ్లీచింగ్ పోసి కడిగాను. గుమ్మం పట్టుకుని నిలబడి అంతా చూసింది. “మా ఆయనకి చెప్పనండి,” అంది. “చెప్తే ఆయన ఉద్యోగానికీ ముప్పే, ఒకే ఇల్లు కదా. కానీ వదినగారూ, బిడ్డ పుట్టేదాకా మీరు మా గుమ్మం తొక్కొద్దు. మీ చేత్తో ఏదీ పంపొద్దు. నమ్మక కాదండీ...” ఆగింది. “ఏమో, నమ్మకేనండి.”

సరేనన్నాను. ఆమె చోట నేనుంటే నేనూ అదే అనేదాన్ని. అందుకే మరింత బాధ కలిగింది.

ఆ చలికాలమంతా మాట తప్పలేదు. మెట్ల మీద ఎదురైతే ఆమె కటకటాల వైపు జరిగేది, నేను గోడ వైపు. మేం మళ్ళీ బీరు కాయలేదు, గురువారాలు హోటలుకి కూడా పోలేదు. వేరే విల్లా చూద్దామని మా ఆయన అన్నాడు. ఇప్పుడు మారితే ఏదో చేసి పారిపోయామనుకుంటుందని నేనే ఒప్పుకోలేదు. ఎండలు మొదలవుతుండగా ఒకరోజు అంబులెన్సు వచ్చి ఆమెను తీసుకెళ్ళింది. తలుపు సందులోంచి చూశాను, బయటికి రాలేదు. మళ్ళీ మొక్కాను. ఆమె బిడ్డ కోసమా, నేను చేయని నేరం నా మీద పడకుండానా అని అడిగితే విడదీసి చెప్పలేను.

కొన్నాళ్ళకు గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. సన్నటి, కోపం నిండిన ఏడుపు. “పుట్టింది గదా, పోయి సూసి రా,” అన్నాడు మా ఆయన. పోలేదు. నేను వెళ్ళొచ్చిన రాత్రే ఆ పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే? పనికి పోయేటప్పుడు వాళ్ళ గుమ్మం ముందు అడుగులో అడుగు వేసుకుంటూ పోయేదాన్ని, అంతే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. ఆమె. తువ్వాలులో చుట్టిన పాపను భుజాన వేసుకుని గుమ్మం బయటే నిలబడి లోపలికి తొంగి చూసింది.

“ఇంట్లో ఏమీ లేదు కదండీ?”

“వచ్చి సూస్కో.”

వచ్చి చూసుకుంది. సింకు కింద చూసింది, స్నానాల గది తలుపు వెనక చూసింది, వాష్ ఏరియాలోకి వెళ్ళి మెషిన్ పక్కన ఖాళీ చోటు చూసింది. ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె మూత తీసి వాసన చూసింది. నేను ముందు నడుస్తూ తలుపులన్నీ తెరిచి చూపించాను. మా ఆయన సోఫాలోంచి లేచి నిలబడ్డాడు, ఇల్లు సోదా చేస్తుంటే నిలబడ్డట్టు. అంతా అయ్యాక ఆమె హాల్లోకి వచ్చి, పాపను భుజం మీంచి చేతుల్లోకి దించుకుని, నా వైపు చూసింది.

“చేతులు కడుక్కుని రండి,” అంది. “ఎత్తుకుందురు గాని.”

సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని, ఆమెకు కనిపించేట్టు చేతులు చాపాను.